తలుపు ఏ శాఖది? – హైటెక్ సిటీ కార్డు తాళాల అనుమతుల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చారిత్రక వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, గోల్కొండ గురించో పాత బస్తీ దేవిడీల గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం చాలా చిన్నది, చాలా కొత్తది. మాదాపూరు నుంచి నానక్‌రామ్‌గూడ దాకా లేచిన అద్దాల భవనాల్లో ప్రతి తలుపు పక్కన గోడకు ఒక నల్ల డబ్బా ఉంటుంది. కార్డు చూపిస్తే కీచుమంటుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ డబ్బాకు లైసెన్సు ఎవరిస్తారు, ఏ చట్టం కింద ఇస్తారు, ఎప్పటి నుంచి ఇస్తున్నారు అన్నదే ఈ వ్యాసం. మన పిల్లలు, మనుమలు రోజుకు పది గంటలు ఆ తలుపుల వెనకే ఉంటున్నారు గనుక సభ్యులు ఓపికగా చదువుతారని ఆశిస్తున్నాను.

ఈ పరిశోధనకు కారణం ఒక చిన్న అవస్థ. కిందటి వేసవిలో బ్యాంకు కాగితాల మీద సంతకం కోసం మా అమ్మాయి పనిచేసే ఆఫీసుకు వెళ్ళాను. కింద ఫోటో తీసి, మెడలో సందర్శకుల బిళ్ళ వేసి, ఆరో అంతస్తుకు పంపారు. పని అయిపోయింది. మధ్యాహ్న భోజనాల వేళ, లిఫ్టు దగ్గర జాతర. ఎక్కడం కష్టం గాని దిగడానికేమని మెట్ల తలుపు తోసుకుని బయలుదేరాను. వెనక తలుపు మూసుకుంది. కిందికి దిగి చూస్తే వీధి వైపు తలుపుకూ నల్ల డబ్బాయే. నా బిళ్ళకు అది పలకలేదు. మళ్ళీ ఒక అంతస్తు ఎక్కి చూశాను, అక్కడా అంతే. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. తలుపు బాదుతూ పావుగంట నిలబడ్డాక ఒక కాపలా కుర్రాడు వచ్చి తీశాడు.

"పెద్దసారూ, ఈ దారిన ఎవరూ రారు. ఇది మంటలొస్తే వాడే దారి" అన్నాడు.

"మంటలొస్తే కార్డు లేనివాడు ఎట్లా బయటపడాలి నాయనా?"

"అప్పుడు దానంతటదే తెరుచుకుంటది సార్."

"తెరుచుకోగా ఎప్పుడైనా చూశావా?"

"నేను పనిలో చేరి ఎనిమిది నెలలే అయింది సార్."

ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. ఇంటికి వచ్చాక, ముప్పై ఏళ్ళు సర్కారు ఫైళ్ళు మోసిన బుద్ధి ఊరుకోలేదు. ఈ తాళం బిగించడానికి ఎవరో ఒకరు అనుమతి ఇచ్చి ఉండాలి గదా! వివిధ శాఖల్లో పనిచేసి విరమించిన మిత్రులకు ఫోన్లు చేశాను. భవన అనుమతులు చూసిన మిత్రుడు అది కరెంటు వాళ్ళ పని అన్నాడు. విద్యుత్తు తనిఖీ చూసిన మిత్రుడు పన్నెండు వోల్టుల పరికరం మా దాకా రాదు, పోలీసులను అడగమన్నాడు. పోలీసు శాఖ మిత్రుడు అగ్నిమాపక శాఖ పేరు చెప్పాడు. ఆ శాఖ మిత్రుడు నవ్వి, "మేము చూసినప్పుడు ఆ తలుపుకు తాళమే లేదు" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. దాని అర్థం తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

గేటు దగ్గర మనిషిని ఆపి గుర్తు చూడడం హైదరాబాదుకు కొత్త కాదు. ఆజమాబాదు, సనత్‌నగర్ కార్ఖానాల్లో పనిచేసినవారికి నంబరు బిళ్ళలు, గంట కొట్టగానే కార్డు గుద్దే గడియారాలు గుర్తుండే ఉంటాయి. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. రక్షణ, అణుశక్తి సంస్థల గేట్ల వెనక 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉండేది. ఆ గేట్లన్నీ సర్కారువి. కాపలా, తాళం, చట్టం మూడూ ఒకే చేతిలో ఉండేవి గనుక తాళానికి లైసెన్సు అనే ప్రశ్న పుట్టలేదు.

సాఫ్ట్‌వేర్ రాకతో మొదట మారినది గేటు ఉద్దేశం. 1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను ఏర్పాటు చేసింది. ఆ పథకం కింద సుంకం లేకుండా కంప్యూటర్లు దిగుమతి చేసుకోవచ్చు. అందుకు బదులుగా ఆ ఆవరణను కస్టమ్స్ శాఖ బాండు గిడ్డంగిగా పరిగణించేది. లోపలి యంత్రం బయటికి పోవాలంటే లెక్క, కాగితం, అనుమతి కావాలి. ఆ గేటు కాపాడినది మనిషిని కాదు, సర్కారుకు రావలసిన సుంకాన్ని. ఈ గిడ్డంగి లైసెన్సు షరతు 2016 ఆగస్టులో గాని పోలేదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, ఎల్ అండ్ టీ కలిసి కట్టించిన ఆ గుండ్రటి భవనాన్ని చూడడానికి మనలో చాలామంది పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళినవాళ్ళమే. దాన్ని అందరూ టెక్నాలజీ వింతగా చూశారు. నా దృష్టిలో అసలు వింత మరొకటి. అంతకు ముందు ఆఫీసు భవనం అంటే కట్టినవాడే గోడలు, గదులు, తలుపులు అన్నీ పెట్టి ఇచ్చేవాడు. ఇక్కడ యజమాని కట్టేది ఖాళీ అంతస్తులు. లిఫ్టు, మెట్లు, నీటి గొట్టాలు, కరెంటు పెట్టి వదిలేస్తాడు. లోపలి గదులు, తలుపులు, తాళాలు అద్దెకు దిగే కంపెనీ తన కాంట్రాక్టరు చేత వేయించుకుంటుంది. ఆ కంపెనీ ఖాళీ చేస్తే మరో కంపెనీ వచ్చి అన్నీ పీకి మళ్ళీ వేయిస్తుంది.

అనుమతుల యంత్రాంగమంతా పాత పద్ధతి భవనానికి కుట్టిన చొక్కా. నక్షా మంజూరు ముందు, కట్టడం తర్వాత, అది పూర్తయ్యాక తనిఖీ, చివరికి నివాసయోగ్యతా పత్రం. అక్కడితో ఫైలు మూత. నల్ల డబ్బా వచ్చేది ఫైలు మూసిన తర్వాత! మా మిత్రుడి నవ్వుకు అర్థం ఇదే.

ఆ ఫైలు చూసే కార్యాలయం కూడా ఒక్కటిగా నిలవలేదు. 1975లో పుట్టిన హుడా ఉండగానే 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది. 2008లో రెండూ హెచ్ఎండీఏలో కలిశాయి. శేరిలింగంపల్లి మునిసిపాలిటీ 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీలో కలిసింది. సైబరాబాద్ పోలీసు కమిషనరేటు 2003 నాటిది. ఆఫీసు బోర్డు మారినప్పుడల్లా పాత రికార్డు ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక్కొక్క చట్టం ఆ డబ్బాను ఎలా చూసిందో చెబుతాను. అన్నిటికంటే విచిత్రమైనది వైర్‌లెస్ చట్టం.

ఇంట్లో రేడియోకు పోస్టాఫీసులో డబ్బు కట్టి, పుస్తకంలో బిళ్ళలు అంటించుకున్న రోజులు మన తరానికి గుర్తే. లైసెన్సు లేని రేడియో ఇంట్లో ఉంటే నేరం. దానికి మూలం 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. పరికరాన్ని వాడినా వాడకపోయినా, దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలని ఆ చట్టం అంది. 1980ల నడుమ ఇంటి రేడియోకు ఆ బాధ తప్పింది గాని చట్టం పోలేదు. కార్డు రీడరు లోపల ఉన్నది చిన్న రేడియోయే. డబ్బా నుంచి వెలువడే తరంగం కార్డులోని తీగచుట్టకు తగిలి దానికి ప్రాణం పోస్తుంది, కార్డు తన నంబరు చెబుతుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. కనుక చట్టం అక్షరాలా చదివితే కార్డు రీడరు కూడా వైర్‌లెస్ పరికరమే! తక్కువ శక్తి పరికరాలకు కేంద్రం ఒక్కొక్క తరంగ శ్రేణిలో మినహాయింపులు ఇస్తూ వచ్చింది. 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న శ్రేణిని ఇటువంటి గుర్తింపు పరికరాల కోసం లైసెన్సు నుంచి తప్పించారు. టోల్ గేటు దగ్గర మన కారు అద్దం మీది ఫాస్టాగ్ బిళ్ళ పలికేది ఆ శ్రేణిలోనే. ఐటీ ప్రాంగణాల్లో దూరం నుంచే కారును గుర్తుపట్టి లేచే కర్ర కూడా చాలాచోట్ల అదే పద్ధతి. లైసెన్సు పోయినా, విదేశాల నుంచి తెప్పించే ఇటువంటి పరికరపు నమూనాకు ఢిల్లీలోని వైర్‌లెస్ ప్రణాళికా విభాగం ఆమోదం కావలసి వచ్చేది. 1933 చట్టాన్నీ, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్నీ పక్కకు పెట్టి కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 2023లో వచ్చింది. అంటే డబ్బా పలికే గొంతుకు తొంభై ఏళ్ళ చట్టం ఉంది. తలుపు తెరుచుకోవడంతో మాత్రం ఆ చట్టానికి పని లేదు.

డబ్బా నాణ్యతకు మరొక ముద్ర. ఎలక్ట్రానిక్ వస్తువులకు భారత ప్రమాణాల సంస్థ దగ్గర నిర్బంధ నమోదు 2012లో మొదలైతే, 2014లో ప్రకటించిన రెండో జాబితాలో స్మార్ట్ కార్డు రీడర్లు చేరాయి. షాకు కొట్టకుండా, నిప్పు అంటుకోకుండా ఉండాలన్నది ఆ పరీక్షల సారాంశం. మంచిదే. కాని అది కూడా డబ్బా వరకే.

కరెంటు సంగతి మన సభ్యుల్లో కొందరికి నాకంటే బాగా తెలుసు. 1956 భారత విద్యుత్తు నిబంధనల్లో 45వ నిబంధన ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చడం వంటి చిన్న పనులు తప్ప, తీగల పని ఏదైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే, యోగ్యతాపత్రం ఉన్నవాడి పర్యవేక్షణలో చేయాలి. పదిహేను మీటర్లు మించిన బహుళ అంతస్తుల భవనానికి కరెంటు వాడబోయే ముందు ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలన్నది 50-ఎ నిబంధన. తర్వాత 2010లో, మళ్ళీ 2023లో కేంద్ర విద్యుత్తు ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది. కాంట్రాక్టరు లైసెన్సు సూత్రం మారలేదు. అయితే ఆచరణలో ఏం జరుగుతుంది? గోడలోని 230 వోల్టుల ప్లగ్గు దాకా లైసెన్సుదారు వస్తాడు. అక్కడి నుంచి పన్నెండు వోల్టులకు తగ్గించి, సన్న తీగలు లాగి, మాగ్నెట్ బిగించి, కంప్యూటరుకు కలిపేవాడు మరొకడు. టెలిఫోను తీగలు, కెమెరా తీగలు లాగేది కూడా సాధారణంగా అతడే. పన్నెండు వోల్టులు మనిషిని చంపవు నిజమే. ఆ పన్నెండు వోల్టులే తలుపును పట్టుకుని ఉన్నాయన్నది వేరే సంగతి.

ఇక పోలీసు వైపు చట్టం. 2005లో పార్లమెంటు ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం చేసింది, 2006 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. కాపలాదార్లను సమకూర్చే సంస్థకు రాష్ట్రంలోని నియంత్రణాధికారి లైసెన్సు ఉండాలి. యజమాని నడవడిని పోలీసులు విచారించాలి. కాపలాదారుకు తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు శిక్షణ ఇవ్వాలని 2006 నమూనా నిబంధనలు చెప్పాయి. ఆ శిక్షణలో అగ్నిప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఒక పాఠం. అంటే నన్ను మెట్లదారిలో నుంచి బయటికి తీసిన ఆ కుర్రాడు 160 గంటలు చదివి వచ్చి ఉండాలి. ఆ తలుపుకు మాగ్నెట్ బిగించి పోయినవాడికి ఈ దేశంలో ఆ పని కోసమంటూ ఒక లైసెన్సు లేదు, ఒక పరీక్షా లేదు. కాపలాదారుణ్ణి పంపే సంస్థకు లైసెన్సు ఉంది గాని కాపలా యంత్రాన్ని బిగించేవాడికి లేదన్నమాట.

మన పిల్లలు స్థిరపడిన చోట్ల ఇలా లేదు. టెక్సాస్‌లో, అంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు కాపురం ఉంటున్న చోట, ఎలక్ట్రానిక్ ప్రవేశ నియంత్రణ పరికరాల కంపెనీ అని చట్టంలో ఒక ప్రత్యేక వర్గమే ఉంది. ఆ రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ లైసెన్సు లేనిదే ఎవరూ ఆ వ్యాపారం చేయకూడదు. న్యూజెర్సీలో దొంగల అలారాలు, అగ్ని అలారాలు, తాళాల పని చేసేవారికి లైసెన్సులు ఇచ్చే విభాగం ఉంది. అమెరికా చేసిందల్లా మనం చేయాలని నేను అనను. లైసెన్సు అంటేనే మామూళ్ళకు మరో కిటికీ అన్న అనుభవం మనకు తక్కువేమీ కాదు. కాని అక్కడ ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

2006 తర్వాత కథ మలుపు తిరిగింది. అంతవరకు ఈ తాళం పెట్టుకోవడం కంపెనీల ఇష్టం. ఆ తర్వాత అది విధి అయింది.

మొదటి కారణం ప్రత్యేక ఆర్థిక మండళ్ళు. 2005 చట్టం, 2006 నిబంధనల కింద మాదాపూరు, గచ్చిబౌలిలో పెద్ద ఐటీ ప్రాంగణాలు మండళ్ళుగా మారాయి. మండలానికి నిర్ణీత ప్రవేశ, నిష్క్రమణ ద్వారాలు ఉండాలి, లోపలికి వెళ్ళేవాడి దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి. తమాషా ఏమిటంటే మాదాపూరు గేటు మీద అధికారం దువ్వాడలో కూర్చునే విశాఖపట్నం మండలం అభివృద్ధి కమిషనరుది. రాష్ట్రం రెండయ్యాక కూడా అదే. అయినా ఆయన చూసేది సుంకం వ్యవహారమే, పాత బాండు గిడ్డంగి లాగే.

రెండో కారణం భయం. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర పేలుళ్ళు జరిగాయి. 2008 నవంబరు 26న ముంబయి దాడులు. 2009లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చట్టాన్ని సవరించి, ఖర్చు భరిస్తే ప్రైవేటు సంస్థలకు కూడా ఆ దళాన్ని ఇవ్వవచ్చునన్నారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఫోన్లు ఎలా మోగాయో వేరే చెప్పనక్కరలేదు. ఐటీ కంపెనీలూ సైబరాబాద్ పోలీసులూ కలిసి 2006లోనే భద్రతా మండలి పేరుతో ఒక సొసైటీ పెట్టుకుని ఉన్నారు.

ఆ 2013 సంవత్సరంలోనే వచ్చింది ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ కొనసాగింది. ఒకేసారి వంద మందికి పైగా గుమికూడే వాణిజ్య సంస్థలు, ఆస్పత్రులు, విద్యాలయాలు, ప్రార్థనా స్థలాలు మొదలైనవి ప్రవేశ ద్వారాల దగ్గర మనుషుల ద్వారానో యంత్రాల ద్వారానో రాకపోకలను నియంత్రించాలి, కెమెరాలు పెట్టాలి, వాటి చిత్రాలను ముప్పై రోజులు భద్రపరచాలి, అన్నీ పనిచేస్తున్నాయని ఆరు నెలలకొకసారి రిటర్ను దాఖలు చేయాలి. చేయకపోతే జరిమానా, ఆపైన మూసివేత దాకా పోవచ్చు. నాకు తెలిసినంతలో, ప్రవేశ నియంత్రణ అనే మాట మన రాష్ట్ర చట్టంలో ఇంత సూటిగా కనిపించేది ఇక్కడే. సదుద్దేశంతో చేసిన చట్టం, సందేహం లేదు. కాని దాని దృష్టి అంతా లోపలికి వచ్చేవాడి మీద. బిగించేవాడి లైసెన్సును అది సృష్టించలేదు. బయటికి పోవలసినవాడి సంగతి అగ్నిమాపక శాఖకు వదిలింది.

ఆ శాఖ దగ్గరకు వద్దాం. సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999 వచ్చింది. పదిహేను మీటర్లు దాటిన వాణిజ్య భవనం కట్టాలంటే ఆ శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి. కట్టే ముందొకటి, నివాసానికి ముందు మరొకటి. 2006లో జీవో 86, 2012లో జీవో 168 ద్వారా వచ్చిన భవన నిబంధనలు ఎత్తయిన భవనాలకు జాతీయ భవన నిర్మాణ నియమావళిని పాటించమన్నాయి. 1970లో మొదట వెలువడి, 1983, 2005, 2016లలో సవరణ పొందిన ఆ నియమావళిలో నాలుగో భాగం అగ్ని భద్రత. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. నిష్క్రమణ ద్వారం, అది ఎవరి కోసమైతే ఉన్నదో వాళ్ళ వైపు నుంచి, తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. నా మటుకు కార్డు కూడా తాళంచెవే. కింద తలుపు దగ్గర నా చేతిలో లేనిది అదే.

ఈ వాక్యం వెనక ఎంతో రక్తం ఉంది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే దుస్తుల కార్ఖానా అంటుకుని 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వయసులో ఉన్న ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక మెట్ల తలుపుకు తాళం ఉంది. పనివాళ్ళు గుడ్డ ముక్కలు ఎత్తుకుపోకుండా ఒకే దారిన పంపి, సంచులు వెతకడం అక్కడి పద్ధతి. అంటే అదీ ప్రవేశ నియంత్రణే! ఆ తర్వాతే అమెరికా అగ్ని రక్షణ సంఘం నిష్క్రమణల మీద కమిటీ వేసింది, 1927లో నియమావళి వెలువరించింది. మన దగ్గర 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది పోయారు. అక్కడా మూసి ఉన్న తలుపులు. 2010 ఫిబ్రవరి 23న బెంగుళూరు కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు భవనంలో తొమ్మిది మంది. 2023 మార్చి 16న మన సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు, అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళను చంపింది మంట కాదు, పొగ. పొగలో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలే.

"కరెంటు పోతే మాగ్నెట్ పట్టు వదులుతుంది గదా" అని కొందరు మిత్రులు నాతో అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. విద్యుదయస్కాంతం కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, నిజమే. ఆఫీసు తలుపులకు వాడే మామూలు రకం సుమారు 270 కిలోల బలంతో పట్టుకుంటుంది. మనిషి భుజంతో తోస్తే రాదు. కాని మన ఊళ్ళో కరెంటు కోతలు ఎంత మామూలో తెలుసు గదా. కోత పెట్టినప్పుడల్లా తలుపులన్నీ బార్లా తెరుచుకుంటే తాళం పెట్టి ప్రయోజనమేమిటని ప్రతి తాళం వెనక ఒక బ్యాటరీ పెట్టారు. కాబట్టి వీధిలో కరెంటు పోయినా తలుపు మూసే ఉంటుంది, ఇంకొన్ని గంటలు. నమ్మదగిన మార్గం ఒకటే. అగ్ని అలారం పెట్టె నుంచి ఒక తీగ వచ్చి, బ్యాటరీకీ మాగ్నెట్‌కూ నడుమ కలవాలి. అలారం మోగగానే ఆ దారి తెగిపోవాలి. దానికి తోడు తలుపు పక్కన పచ్చ డబ్బా ఒకటి, అద్దం నొక్కితే కరెంటు తెగేది, ఉండాలి. కొన్నిచోట్ల ఆ అలారం తీగను మాగ్నెట్ దగ్గరకు తేకుండా, కార్డులను చదివే కంప్యూటరుకు మాత్రం కలిపి ఊరుకుంటారట. కంప్యూటరు స్తంభిస్తే అంతే సంగతులు. ఈ పని చేసిన అనుభవమున్న ఒక కుర్రవాడు నాకు బొమ్మ గీసి మరీ చెప్పాడు. అలారం వేసేది యజమాని కాంట్రాక్టరు, తాళం వేసేది అద్దెదారు కాంట్రాక్టరు. ఆ రెంటినీ కలిపే తీగ ఎవరి బిల్లులో పడాలన్నది తేలక నెలలు గడుస్తాయని కూడా చెప్పాడు.

ఇంత చట్టంలో ఆ ఒక్క తీగ కలిపారా లేదా అని, తాళం బిగించిన తర్వాత చూసి సంతకం పెట్టవలసిన అధికారి ఎవరు? నేను మిత్రులను అడిగినది చివరికి ఇదే. నిరభ్యంతర పత్రం యజమాని పేరు మీద ఉంటుంది. తాళం అద్దెదారుది. పైగా ఐటీ కంపెనీలను ఇన్‌స్పెక్టర్లు విసిగించకూడదని, పలు కార్మిక చట్టాల కింద స్వయం ధ్రువీకరణ చాలునని ఉమ్మడి రాష్ట్ర ఐటీ విధానంలోనే రాశారు. అగ్ని భద్రతకు ఆ సడలింపు ఇవ్వలేదు గాని, ఆ కాలపు గాలి అది. తనిఖీ అంటేనే అడ్డంకి అనుకున్న రోజులు. మన శాఖల వాళ్ళం తనిఖీలను ఎలా చేశామో తలుచుకుంటే వాళ్ళను పూర్తిగా తప్పు పట్టలేను కూడా.

వేలిముద్రల గురించి రెండు మాటలు చెప్పాలి. జీవన ప్రమాణ్ పేరిట 2014 నవంబరు నుంచి పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెట్టడం మొదలైంది. అరిగిపోయిన మన వేళ్ళు యంత్రానికి ఆనక ఎన్ని అవస్థలు పడ్డామో! ఐటీ ఆఫీసుల తలుపులకూ అదే యంత్రం వచ్చింది. 2011లో కేంద్రం చేసిన నిబంధనల్లో వేలిముద్ర వంటి శారీరక గుర్తులను సున్నితమైన సమాచారంగా చేర్చారు. 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తలుపు దగ్గర ఇచ్చిన ముద్ర ఉద్యోగం మానేశాక ఎక్కడ ఉంటుందన్నది మన పిల్లలు అడగదగిన ప్రశ్నే. దాని మీద వేరే వ్యాసం కావాలి.

నా అవస్థ సంగతి ముగిస్తాను. మా అమ్మాయి వద్దు నాన్నా అంటున్నా వినకుండా, భవనం నిర్వహణ చూసేవారికి ఒక ఉత్తరం రాశాను. పాత అలవాటు ప్రకారం విషయం, సూచిక, జీవో నంబర్లు అన్నీ వేశాను. రెండు వారాల తర్వాత మర్యాదగా జవాబు వచ్చింది. ఆరో అంతస్తు తాళం అద్దెదారుదనీ, వారికి తెలియజేశామనీ, కింది తలుపును పరిశీలిస్తున్నామనీ అందులో ఉంది. దసరాకు ముందు అమ్మాయి ఫోటో పంపింది. ఆరో అంతస్తు మెట్ల తలుపు పక్కన పచ్చ డబ్బా ఒకటి కొత్తగా మెరుస్తోంది. కింది తలుపు దగ్గర ఇంకా నల్ల డబ్బా ఒక్కటే ఉంది. మరో ఉత్తరం రాసి, ఈసారి ప్రతిని అగ్నిమాపక శాఖకు కూడా పంపాను.